ట్రాలీ లైట్లు: బ్రేకు తొక్కగానే ఎడమ టెయిల్ లైటు ఆరిపోతోంది

ప్రశ్న (కోడుమూరు ప్రాంత రైతు):

అందరికీ నమస్కారం. ఉల్లిగడ్డలు కోసిన కాలంలో తెల్లవారేలోగా కర్నూలు మార్కెట్టుకు చేరాలని మేము రాత్రిపూటే ట్రాక్టరు తీస్తాము. ఈ మధ్య ట్రాలీకి రంగు వేయించి, వెనుక రెండు వైపులా కొత్త లైట్లు బిగించాము. మొదట అన్నీ బాగానే వెలిగాయి. ఇప్పుడు మాత్రం హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే, ఎడమ వైపు బ్రేకు లైటు వెలగకపోగా, అప్పటిదాకా వెలుగుతున్న టెయిల్ లైటు కూడా ఆరిపోతోంది. లైట్లన్నీ ఆర్పి ఎడమ ఇండికేటరు వేస్తే అది వెలగదు గానీ, రెండు వైపులా ఎర్ర లైట్లు మసకగా మిణుకుమంటున్నాయి. కుడి ఇండికేటరుకు ఏ ఇబ్బందీ లేదు. బల్బులు మార్చాను, ఫ్యూజులు చూశాను, ఫలితం లేదు. లైట్లు అమ్మిన దుకాణంలో అడిగితే ట్రాక్టరు వైరింగు మొత్తం మార్చాలంటున్నారు. నిజంగా అంత పని అవసరమా?

సమాధానం (కర్నూలు, ఆటో ఎలక్ట్రీషియన్):

సోదరా, వైరింగు మొత్తం మార్చే పని లేదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకే లోపాన్ని చూపిస్తున్నాయి: ఎడమ లైటుకు ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్ళే దారి) అందడం లేదు. ఆ డబ్బాలో ఉన్న టెయిల్, బ్రేకు, ఇండికేటరు ఫిలమెంట్లు (బల్బులో వెలిగే సన్నని తీగలు) మూడింటికీ ఎర్త్ ఒక్కటే. అది తెగినప్పుడు ఒక ఫిలమెంటులోకి వచ్చిన కరెంటు కిందికి దిగే దారి లేక, పక్క ఫిలమెంటు గుండా వెనక్కి ఎదురెక్కి, ఆ వైరు పట్టుకుని కుడి వైపు లైటుకు వెళ్ళి, అక్కడి ఎర్త్‌లో కలుస్తుంది. అందుకే ఎడమ ఇండికేటరు వేస్తే రెండు వైపులా ఎర్ర లైట్లు మిణుకుమంటున్నాయి.

బ్రేకు తొక్కితే టెయిల్ లైటు ఆరిపోవడం కూడా ఈ కారణంగానే జరుగుతుంది. హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు 5 వాట్ల టెయిల్ ఫిలమెంటుకు 21 వాట్ల బ్రేకు ఫిలమెంటే ఎర్త్ దారిగా పనిచేస్తుంది కనుక, టెయిల్ లైటు కొంచెం తక్కువ వెలుగుతోనైనా వెలుగుతూనే ఉంటుంది. మీరు బ్రేకు తొక్కగానే ఆ రెండో వైపు కూడా 12 వోల్టులు వచ్చిపడతాయి. ఫిలమెంటుకు రెండు చివరలా ఒకే వోల్టేజి ఉంటే కరెంటు పారదు, లైటు ఆరిపోతుంది. ఈ ఒక్క గుర్తు కనిపిస్తే నేను ఫ్యూజు డబ్బా మూత కూడా తీయను, నేరుగా లైటు దగ్గరకే వెళతాను.

మీరు రంగు వేయించామన్న మాటలోనే అసలు సంగతి ఉంది. కొత్త లైట్లకు విడిగా ఎర్త్ వైరు లేకుండా, బిగించిన బోల్టు ద్వారానే ఎర్త్ అందేలా వదిలేసి ఉంటారు. రంగు పొర మీద బిగించిన బోల్టు మొదట ఎక్కడో ఒక చోట గీసుకుని ఇనుమును తాకుతుంది. ట్రాలీ కుదుపులకు అది కాస్త వదులై, కొంచెం తుప్పు పట్టగానే ఆ తాకిడి పోతుంది.

పరీక్ష ఇలా చేయండి. 21 వాట్ల బల్బును ఒక హోల్డరులో పెట్టి, రెండు పొడవాటి వైర్లు తీసి, ఒక దానికి మొసలి క్లిప్పు తగిలించండి. క్లిప్పును ట్రాక్టరు బ్యాటరీ నెగెటివ్‌కు పట్టించి, రెండో కొనను ఎడమ లైటు హోల్డరు లోపల ఉన్న బ్రేకు కాంటాక్టుకు తాకించి, బ్రేకు తొక్కమనండి. బల్బు నిండుగా వెలిగితే కరెంటు సరిగానే వస్తున్నట్టు. తరువాత క్లిప్పును బ్యాటరీ పాజిటివ్‌కు మార్చి, రెండో కొనను అదే హోల్డరు లోహానికి తాకించండి. వెలగకపోతే అక్కడ ఎర్త్ లేదని రుజువైనట్టే. మల్టీమీటరు ఉంది కదా అని దానితోనే సరిపెట్టకండి. నాలుగు పోగుల్లో మూడు తెగిన వైరులోనూ మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు బరువు పడ్డప్పుడే దాని బలహీనత బయటపడుతుంది.

వ్యాఖ్య (ఆదోని, ట్రాక్టరు యజమాని):

ఎర్త్ కోసం విడిగా వైరు లాగడం అనవసరమైన ఖర్చని నా అభిప్రాయం. ట్రాలీ ఇనుమే, ట్రాక్టరు ఇనుమే, రెంటినీ కలిపే హుక్కు పిన్నూ ఇనుమే. మేము పత్తి తోలే ట్రాలీకి ఏళ్ళ తరబడి అలాగే నడుస్తోంది. బోల్టు కింద రంగు గీకి బిగిస్తే చాలు.

సమాధానం (కర్నూలు, ఆటో ఎలక్ట్రీషియన్):

అన్నా, రంగు గీకితే ఈ వారానికి పని జరుగుతుందన్నది నిజమే. అయితే హుక్కు పిన్నుకు మనం గ్రీజు పెడతాము, దాని మీద దుమ్ము పేరుకుంటుంది, పైగా పిన్ను తన రంధ్రంలో ఆడుతూ ఉంటుంది. బరువు లాగేటప్పుడు తాకి, ఇంజను నెమ్మదించగానే వదిలే ఎర్త్ అది. బ్రేకు వేసేదీ అప్పుడే కదా. లెక్క చూడండి: టెయిల్ బల్బులు రెండూ 10 వాట్లు, నంబరు ప్లేటు బల్బు 5, బ్రేకు బల్బులు రెండూ 42, ఒక వైపు ఇండికేటరు 21, మొత్తం 78 వాట్లు. 12 వోల్టుల మీద అది 6.5 ఆంపియర్లు. అదంతా తిరిగి రావలసింది ఒక్క ఎర్త్ దారిలోనే. ఇంతా చేస్తే ఆ వైరుకు పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రశ్న అడిగిన సోదరుడు ఎటూ పని మొదలుపెట్టబోతున్నారు కనుక వైర్ల సంగతి కూడా చెబుతాను. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్త్‌కు 2.5 తీసుకోండి. చౌకగా దొరికే 0.5 వైరును ఏడు మీటర్లు లాగితే, బ్రేకు లైట్లు వెలిగినప్పుడు ఆ వైరులోనే దాదాపు ఒక వోల్టు పోతుంది, ఎర్త్ కూడా అంతే సన్నదైతే నష్టం ఇంకా పెరుగుతుంది. 1.5 వైరులో ఆ నష్టం సుమారు మూడో వంతే. వైర్లన్నిటినీ గొట్టంలో దూర్చి, చాసిస్ ఛానల్ లోపలి వైపు నుంచి తీసుకెళ్ళండి. ఇనుములో రంధ్రం చేసిన ప్రతి చోటా రబ్బరు బుష్ తప్పనిసరి.

ట్రాలీ వైరింగును ట్రాక్టరుకు కలిపే ఏడు పిన్నుల సాకెట్టుకు ఐఎస్‌ఓ 1724 ప్రమాణం ప్రకారం 1 ఎడమ ఇండికేటరు (పసుపు), 2 వెనుక ఫాగ్ లైటు (నీలం), 3 ఎర్త్ (తెలుపు), 4 కుడి ఇండికేటరు (ఆకుపచ్చ), 5 కుడి టెయిల్ (గోధుమ), 6 బ్రేకు (ఎరుపు), 7 ఎడమ టెయిల్ (నలుపు). ఈ పట్టికను గుడ్డిగా నమ్మవద్దు. పాత ట్రాక్టర్లలో ఎవరో ఒకరు మధ్యలో చేయి పెట్టి ఉంటారు కనుక, ట్రాక్టరు వైపు సాకెట్టులో ఒక్కో పిన్నునూ టెస్టు బల్బుతో చూసుకున్న తరువాతే ట్రాలీ ప్లగ్గు కలపండి.

బల్బుల విషయంలోనూ ఒక మాట. టెయిల్, బ్రేకు రెండూ ఒకే బల్బులో ఉండే 21/5 రకానికి పక్కన ఉండే రెండు చిన్న పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. బలవంతంగా తిప్పి తిరగేసి ఎక్కిస్తే టెయిల్ ఎక్కువగానూ, బ్రేకు తక్కువగానూ వెలుగుతాయి. అలాగే లారీల కోసం వచ్చే 24 వోల్టుల బల్బులు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి. ట్రాక్టరుకు వేస్తే మినుకుమినుకుమనడం తప్ప వెలుగు రాదు. లోహపు మొదలు మీద అచ్చు వేసిన అంకె చూసి కొనండి.

ప్రశ్న (తాడిపత్రి, నాపరాళ్ళ రవాణా):

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. కుదుపులకు బల్బులు ఊరికే పోతున్నాయని నేను ఎల్ఈడీ లైట్లు వేయించాను. అప్పటి నుంచి ఇండికేటరు మామూలుకన్నా చాలా వేగంగా కొట్టుకుంటోంది. లైట్లే పాడైనవా?

సమాధానం (కర్నూలు, ఆటో ఎలక్ట్రీషియన్):

లైట్లు పాడు కాలేదు. పాత ఫ్లాషరు (ఇండికేటరును వెలిగించి ఆర్పే పరికరం) 21 వాట్ల బల్బు కరెంటును లెక్క చూసుకుంటుంది, అది తగ్గగానే బల్బు పోయిందనుకుని వేగం పెంచుతుంది. ఎల్ఈడీకి సరిపోయే ఫ్లాషరు మార్చండి, అది చిన్న పని. బల్బులా కరెంటు లాగే రెసిస్టరు వేయమని కొందరు చెబుతారు, కానీ అది బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్కు దగ్గర, వైర్ల దగ్గర పెట్టకూడదు. రాళ్ళు తోలే ట్రాలీకి ఎల్ఈడీ మంచి ఎంపికే. అయితే నీరు చొరకుండా పూర్తిగా మూసిన రకమే తీసుకోండి. వైర్లు తారుమారైతే అది వెలగదు కనుక, కలిపేటప్పుడు పాజిటివ్, నెగెటివ్ చూసుకోవాలి.

వ్యాఖ్య (ప్రొద్దుటూరు, రైతు):

వైరింగు అంతా సరిగ్గా ఉన్నా వెనుక వచ్చేవారికి కనిపించని సందర్భాలు రెండు ఉన్నాయి. వరిగడ్డి, పత్తి తోలేటప్పుడు సరుకు వెనుకకు వేలాడి లైట్లను కప్పేస్తుంది. అందుకే మేము లైట్లను తలుపు మీద కాకుండా కింది చాసిస్ చివర, బాగా పక్కలకు జరిపి పెట్టించాము. రెండవది బ్రేకు పెడళ్ళ సంగతి. పొలంలో మలుపుల కోసం ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరుగా ఉండే రెండు పెడళ్ళనూ విడదీసి వాడి, రోడ్డెక్కినప్పుడు వాటిని కలిపే కొక్కెం వేయడం మరిచిపోతారు. కొన్ని ట్రాక్టర్లలో బ్రేకు లైటు స్విచ్చు ఒక పెడలుకే ఉంటుంది, రెండో పెడలు తొక్కితే లైటు రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, బండి పాడై జాతీయ రహదారి పక్కన ఆగినప్పుడు బ్యాటరీతో పనిలేకుండా కనిపించేవి రిఫ్లెక్టర్లే. వెనుక ఎరుపు, పక్కల పసుపు టేపు అంటించి, దుమ్ము పట్టినప్పుడల్లా తడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న అడిగిన వారి జవాబు (కోడుమూరు):

అందరికీ ధన్యవాదాలు. అన్న చెప్పినట్టే టెస్టు బల్బుతో చూశాను. బ్రేకు కాంటాక్టు దగ్గర నిండుగా వెలిగింది, హోల్డరు లోహానికి తాకిస్తే అసలు వెలగలేదు. బోల్టు విప్పి చూస్తే వాషరు కింద పచ్చ రంగు పొర గట్టిగా అలాగే ఉంది, ఒక్క అంచున మాత్రం గోరంత తుప్పు మరక కనిపించింది. రెండు లైట్ల నుంచీ ఎర్త్ వైరు లాగి, కొనలకు లగ్గు (బోల్టు కింద బిగించే లోహపు కొన) కొట్టి, ప్లగ్గులోని మూడవ పిన్నుకు కలిపాను. ఇప్పుడు అన్నీ వేటికవే సరిగ్గా వెలుగుతున్నాయి. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. ట్రాలీ విప్పి పెట్టినప్పుడు ప్లగ్గు నేల మీద పడి మట్టి పడుతోంది, దానికేమి చేయాలి? వచ్చే వారం ట్రాలీ తలుపుకు వెల్డింగు చేయించాలి, లైట్లకు ప్రమాదమా?

సమాధానం (కర్నూలు, ఆటో ఎలక్ట్రీషియన్):

వైరు తెగిన పాత సాకెట్టు ఒకటి సంపాదించి ట్రాలీ డ్రాబారు (ట్రాక్టరుకు తగిలించే ముందు కడ్డీ) మీద నోరు కిందికి ఉండేలా బిగించండి, విప్పినప్పుడు ప్లగ్గును అందులో గుచ్చిపెట్టండి. పిన్నుల మీద కొంచెం పెట్రోలియం జెల్లీ రాస్తే పచ్చటి తుప్పు పట్టదు. డ్రాబారు దగ్గర వైరును పూర్తి మలుపుకు సరిపడేంత వదులుగా వదలండి, కానీ నేలకు గానీ పీటీవో షాఫ్టుకు (ట్రాక్టరు వెనుక తిరిగే ఇరుసుకు) గానీ తగలకుండా కట్టండి. ఇక వెల్డింగుకు వెళ్ళేటప్పుడు ట్రాలీని ట్రాక్టరు నుంచి విప్పి, ప్లగ్గు తీసి, వెల్డింగు ఎర్త్ క్లాంపును అతుకు వేసే చోటికి పక్కనే పట్టించమని చెప్పండి. క్లాంపు దూరంగా ఉంటే ఆ భారీ కరెంటు మీరు కొత్తగా లాగిన ఎర్త్ వైరు గుండా కూడా వెళ్ళి దానిని కాల్చేయవచ్చు.