సిడిముడా, చిడిముడా?

— ఇంటర్ పిల్లల కోసం బెలూసోవ్–జబొటిన్‌స్కీ చర్య గురించి రాస్తున్నాను. గ్లాసులో పసుపు రంగు వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. దీన్ని ‘డోలనం’ అంటే గడియారం లోలకం గుర్తొస్తుంది. ఇక్కడ జరిగేది వేరు. బ్రోమైడ్ ఉన్నంతసేపూ చర్యను పగ్గం పట్టి ఆపుతుంది. అది బాగా తగ్గగానే బ్రోమస్ ఆమ్లం తనను తానే పెంచుకుంటూ ఎగబాకుతుంది, సీరియం పసుపెక్కుతుంది. ఆ సీరియమే బ్రోమోమాలోనిక్ ఆమ్లాన్ని విరిచి మళ్ళీ బ్రోమైడ్‌ను వదులుతుంది. రాస్తున్నంతసేపూ గజేంద్రమోక్షంలో లక్ష్మీదేవి నడక పద్యమే నోట్లో ఆడుతోంది: భర్తను అడుగుదామని వడిగా వెళ్తుంది, అడిగినా చెప్పడని ఆగుతుంది, తడబడుతూ అడుగేస్తుంది, మళ్ళీ అడుగు పడదు. ‘వెడవెడ’ తర్వాత సిడిముడా, చిడిముడా?

— చిడిముడి. కలత, తొట్రుపాటు అని అర్థం.

— మా తాతగారు బట్టీ పట్టించింది ‘సి’తోనే. గసడదవాదేశం (సంధిలో ‘చ’ ‘స’గా మారడం) కాదా మాస్టారూ?

— కాదు తమ్ముడూ. దానికి ముందు ప్రథమాంతం, అంటే ప్రథమా విభక్తి పదం కావాలి, ‘వెడవెడ’ క్రియావిశేషణం. ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న పదం అనుకుంటే ‘జిడిముడి’ అవ్వాలి. ఛందస్సూ తేల్చదు. కందం మూడో పాదానికి యతి లేదు, ప్రాసేమో డకారానిది.

— అసలు ఆ పద్యంలో రెండు పాదాంత గురువులు తప్ప అన్నీ లఘువులే! చిన్న చిన్న అడుగులు చెవికి వినబడతాయి. పోతన్న ఒక్కడికే చెల్లింది.

— అక్కా, నాకు పనికొచ్చేది ‘అడుగిడదు జడిమ’. నిరోధానికి ‘జడిమ’ అంటే?

— వద్దు. పిల్లలు జడత్వం అనుకుంటారు. జడత్వం కదిలేదాన్ని కదిలిస్తూనే ఉంచుతుంది కూడా. జడిమ అంటే అడుగు పడకపోవడం, మొద్దుబారడం.

— కెమిస్ట్రీ మనిషిగా నా మాట. 1974లో ఫీల్డ్, నాయిస్ అనే రసాయన శాస్త్రజ్ఞులు ఈ చర్యను ఐదు మెట్ల నమూనాగా కుదించి దాన్ని ‘ఆరెగనేటర్’ అన్నారు. అందులో మారే రాశులు మూడే: బ్రోమస్ ఆమ్లం, బ్రోమైడ్, సీరియం. పోతన్న లెక్కా మూడే: కడువడి, జడిమ, సిడిముడి. వెళ్ళడానికీ ఆగడానికీ కారణం పద్యంలోనే ఉంది. ఊగిసలాట అనే మాటలో ఆ కారణం లేదు, డోలనంలోనూ లేదు.

— మూడో రాశి సిడిముడి ఎలా అవుతుంది? అది చిడిముడి అని ఇప్పుడే కదా అనుకున్నాం!

— మాస్టారు గసడదవాదేశం కాదన్నారు, ఛందస్సు మాత్రం తేల్చదన్నారు.

— అది సరే. రెండో పాదంలో ‘నడ యుడుగున్’ అని మీరందరూ చదువుతున్నారా? నా పుస్తకంలో ‘నెడ’ అని ఉంది. నడ అంటే నడక, అది ఆగిందంటే అర్థం సూటిగా ఉంది. నెడ అయితే?

— ‘ఎడ’ అయి ఉంటుంది. యతి అక్కడా సాయపడదు. ఆ స్థానం ‘నుడుగడని’లో డకారం మీద పడింది.