రేగడి నేల మీద, కొండవాలులో కాంక్రీటు దారి: వేయించి కొన్ని వానాకాలాలు చూసినవాళ్లు చెప్పండి

పల్నాటి రేగడి:
అందరికీ నమస్కారం. నరసరావుపేట దగ్గర మా ఊళ్లో ఇల్లు పూర్తయింది. గేటు నుంచి పోర్టికో దాకా 60 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున కాంక్రీటు దారి వేయించాలి. మాది పక్కా నల్లరేగడి. మే నెలలో నెర్రెల్లోకి చెయ్యి మోచేతి దాకా దిగుతుంది. వానాకాలంలో అడుగేస్తే చెప్పు ఊడి అక్కడే ఉండిపోతుంది. పక్కింటివాళ్లు ఆరంగుళాల మందాన, చువ్వలు కట్టి మరీ వేయించారు. ఇప్పుడు రెండు అంచుల వెంటా అడుగు లోపలగా పొడుగునా బీట వచ్చింది. గేటు దగ్గర పలక పైకి లేచి గేటు తెరుచుకోవడం లేదు. మా మేస్త్రి మాత్రం ఎనిమిదంగుళాలు వేద్దాం, ఏమీ కాదు అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. కొండవాలులో కట్టుకున్నవాళ్లు కూడా చెప్పండి, మా బావమరిది విశాఖలో వాలు స్థలం కొన్నాడు, అతనికీ ఇదే టెన్షన్.

సైటు ఇంజినీరు, కర్నూలు:
మందం పెంచితే తీరే సమస్య కాదండీ ఇది. రేగడి ఉబ్బితే ఇళ్ల గోడలనే ఎత్తి పగలగొడుతుంది. ఎనిమిదంగుళాల పలక దానికి లెక్కే కాదు. మీ పక్కింట్లో బీట అంచు వెంటే రావడానికి కారణం ఉంది. పలక నడిమి భాగం కింద ఉన్న మట్టికి ఎండా వానా తగలవు కాబట్టి తడి ఏడాది పొడవునా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అంచుల కింద మట్టి మాత్రం వానకు ఉబ్బి, వేసవికి కుంచించుకుపోతుంది. నడుమ భాగం కదలకుండా అంచు ఒక్కటే ఏటా లేచి దిగుతుంటే పలక అక్కడే విరుగుతుంది.

ముందు మీ మట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకోండి. మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720 నలభయ్యో భాగంలో దీనికి చాలా తేలిక పరీక్ష ఉంది. ఆరబెట్టి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు 100 ఎంఎల్ కొలజాడీల్లో వేయాలి. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కిరోసిన్ పోసి, బుడగలు పోయేలా కలిపి 24 గంటలు వదిలేయాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. నీళ్ల జాడీలో మట్టి 23, కిరోసిన్ జాడీలో 11 దగ్గర నిలిచిందనుకోండి, తేడా 12ని 11తో భాగిస్తే 109 శాతం. 50 లోపు ఉంటే పెద్దగా భయం లేదు. 100 దాటితే కింద మట్టి మార్చకుండా కాంక్రీటు వేయవద్దు. సివిల్ బ్రాంచి ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో అడిగితే చేసిపెడతారు.

మార్చడమంటే కనీసం రెండడుగులు రేగడి తీసేసి, ఉబ్బని బంకమట్టి పాలున్న గ్రావెల్ నింపాలి. రోడ్ల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ 37 చెప్పేది కూడా 0.6 నుంచి 1 మీటరు దాకా ఉబ్బని మట్టి పొరే. రేగడిలో కాలువల లైనింగు నిలవక తిప్పలు పడుతున్న రోజుల్లో ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి చేసిన పరిశోధనల నుంచి వచ్చిన పద్ధతి ఇది.

జహీరాబాద్ అన్న:
ఇంజినీరు గారు చెప్పినదాంట్లో 'బంకమట్టి పాలున్న' అన్న మాట దగ్గర అందరూ ఆగండి. మా బాబాయి వాళ్లు రెండడుగులు తవ్వించి, చవగ్గా వస్తుందని ఇసుక, క్రషర్ డస్ట్ నింపించారు. రేగడిలో గుంట తీసి ఇసుక నింపితే అది నీళ్ల తొట్టి అయిపోతుంది. పక్కల నుంచి దిగిన వాననీళ్లన్నీ ఆ ఇసుకలో చేరి నిలిచాయి, కింద రేగడి నెలల తరబడి ఆ నీళ్లు తాగుతూనే ఉంది. తవ్వకుండా వేసినవాళ్ల కంటే వాళ్ల పలకే ముందు లేచింది.

మాకు ఎర్రమొరం దగ్గర్లోనే దొరుకుతుంది. నేను దాన్నే నింపించాను. చేతిలోకి తీసుకుని కొద్దిగా తడిపి పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేళ్లకు జిగురుగా అంటుకోకూడదు. అలాంటిది చూసి దింపించుకోండి. ఒకేసారి ట్రాక్టర్లతో కుమ్మరించి పైపైన రోలర్ తిప్పితే కింద గుల్లగానే ఉంటుంది. ఆరంగుళాలకొక పొర వేసి, నీళ్లు చిలకరించి, దిమ్మిస మిషన్ కొట్టించి, మడమతో గట్టిగా తన్నినా గుంట పడకపోతేనే పై పొర వేయనిచ్చాను. పని జరుగుతున్నంతసేపూ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పలకకు రెండు వైపులా రెండేసి అడుగులు ఎక్కువ తవ్వించి అక్కడా మొరమే నింపించాను. అంచు బీట ఇప్పటికీ రాలేదు.

పల్నాటి రేగడి:
మాకు మంచి గ్రావెల్ దూరం నుంచి రావాలి. 720 చదరపుటడుగులకు రెండడుగుల లోతంటే 1,440 ఘనపుటడుగులు, దిమ్మిస పడితే తగ్గేది కలుపుకుంటే ఇంకో పాతిక శాతం. పక్కల రెండేసి అడుగులు కూడా అంటే ఖర్చు బాగా పెరుగుతుంది. రేగడిలోనే సున్నం కలిపితే సరిపోతుందని ఒకరన్నారు. ఎవరైనా చేశారా?

ఫ్రిస్కో తెలుగు:
నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. ఇక్కడున్న తెలుగువాళ్లకు తెలిసిన సంగతే, మా కాళ్ల కింద ఉన్నది కూడా రేగడే. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు, ఎండాకాలం ఇక్కడా నెర్రెలు విచ్చుతాయి. టెక్సస్ రాష్ట్ర మట్టిగా గుర్తించిన 'హ్యూస్టన్ బ్లాక్' ఈ జాతిదే.

సున్నం ఇక్కడ రోడ్ల కింద మామూలుగా వాడేదే. మట్టి పొడిబరువులో 3 నుంచి 6 శాతం కలుపుతారు. మీ దారికి పై తొమ్మిదంగుళాల మట్టిలో 4 శాతం కలపాలంటే దాదాపు టన్ను సున్నం పడుతుంది. సున్నంలోని కాల్షియం పట్టాక మట్టికి జిగురు తగ్గి, పొడిపొడిగా రాలేలా మారుతుంది. కలిపాక తడిగా ఉంచి, ఒకటి రెండు రోజులు నానబెట్టి, మళ్లీ కలిపి అప్పుడు దిమ్మిస కొట్టాలి. కలిపిన రోజే తొక్కేస్తే ఫలితం సగమే. చల్లార్చిన సున్నం పొడే వాడండి. నిప్పుసున్నం జోలికి పోకండి, పనివాళ్ల కళ్లు పోతాయి. చల్లార్చినదానికైనా కళ్లద్దాలు, చేతి తొడుగులు ఇప్పించండి.

ఒక జాగ్రత్త ఉంది. మట్టిలో జిప్సం, అంటే సల్ఫేటు ఎక్కువగా ఉంటే సున్నం దానితో కలిసి కొత్త ఉబ్బు పుట్టిస్తుంది. ఇక్కడ కొన్నిచోట్ల రోడ్లు అలాగే లేచాయి, అందుకే ముందు సల్ఫేటు పరీక్ష చేయిస్తారు. మీరూ ఉబ్బు పరీక్షతో పాటు అదీ చేయించండి.

ఇంకొకటి, ఇక్కడ వేసవిలో ఇంటి పునాది చుట్టూ సన్నగా నీరు ఊరే పైపు పరిచి మట్టికి తడి పెడతాం. నేల పొడిగా ఉన్నా తడిగా ఉన్నా సరే, ఒకేలా ఉండాలి. మీరు కూడా దారికి ఒక పక్క పూలమొక్కల పాదులు పెట్టి రోజూ నీళ్లు పోసి, రెండో పక్క ఎండబెడితే పలక ఒక వైపే లేస్తుంది. పెద్ద చెట్టు అంచు పక్కనే ఉంటే అది వేసవిలో మట్టిలోని తడంతా లాగేస్తుంది, అక్కడ పలక దిగుతుంది. కొత్తగా నాటేవి దూరంగా నాటండి.

సైటు ఇంజినీరు, కర్నూలు:
బాగా చెప్పారు. పల్నాడు వారికి నా సలహా: ఒక అడుగు మందాన గ్రావెల్, దాని కింద తొమ్మిదంగుళాలు సున్నం కలిపిన రేగడి. ఉబ్బు మరీ ఎక్కువ ఉంటే మాత్రం రెండడుగుల గ్రావెల్‌కే వెళ్లండి. అంచుల వెంట రెండు మూడడుగుల లోతున నిలువుగా మందపాటి పాలిథీన్ షీటు దింపితే పక్క నుంచి తడి రావడం, పోవడం తగ్గుతుంది. ఖర్చు తక్కువ, ఎవరూ చేయరు. సంపు ఓవర్‌ఫ్లో, ఏసీ నీళ్లు, కారు కడిగిన నీళ్లు పలక అంచున ఇంకకుండా కాలువలోకి పోవాలి. పనిలో పనిగా దారి కింద అడ్డంగా నాలుగంగుళాల ఖాళీ పీవీసీ పైపులు రెండు వేసి మూతలు పెట్టండి. రేపు కేబులో నీళ్ల పైపో వేయాలంటే పలక కోయనక్కర్లేదు. వేసే కాలం కూడా ముఖ్యం. మీ వైపు వానలు తగ్గిన డిసెంబరు, జనవరి మంచిది, మట్టి మరీ ఎండి ఉండదు, కాంక్రీటుకూ ఎండదెబ్బ ఉండదు.

మేస్త్రి కొడుకు, మిర్యాలగూడ:
కింద ఎంత చేసినా పైన కాంక్రీటు పాడుచేసే పద్ధతులు కొన్ని ఉన్నాయి. చిన్నప్పటి నుంచి నాన్నతో పాటు పనుల్లో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను.

నీళ్లు. రెడీమిక్స్ బండి రాగానే 'జారడం లేదు' అని పైపు పెట్టి నీళ్లు పోయిస్తారు. ఆ నీళ్లు ఆవిరయ్యాక మిగిలేది గుల్ల. మీ దారికి ఐదంగుళాల మందానికి 300 ఘనపుటడుగులు, అంటే ఎనిమిదిన్నర క్యూబిక్ మీటర్లు. ఎం25 (కాంక్రీటు బలం గ్రేడు) ఆర్డర్ చేసేటప్పుడే స్లంప్, అంటే ఎంత జారుడుగా ఉండాలో చెప్పండి, సైట్లో ఎవరినీ నీళ్ల పైపు ముట్టుకోనివ్వకండి.

పొడి సిమెంటు. కాంక్రీటు పరిచాక పైకి నీళ్లు తేలతాయి. ఆ నీళ్ల మీద పొడి సిమెంటు చల్లి తాపీతో నున్నగా రుద్దితే ఆ రోజుకు అద్దంలా కనిపిస్తుంది. కొన్నాళ్లకు టైర్ల కింద అదే పెచ్చులుగా లేస్తుంది. తేలిన నీళ్లు వాటంతటవే పోయేదాకా ఆగాలి. తర్వాత చెక్కతో ఒకసారి తేల్చి, గట్టి చీపురుతో అడ్డగీతలు లాగాలి. అంతే, నునుపు అక్కర్లేదు.

కోత. ఐదంగుళాల పలకకు పది అడుగులకొకటి చొప్పున కట్టర్‌తో కోయాలి, లోతు అంగుళంన్నర. మరుసటి రోజు పొద్దున్నే కోయించాలి, వేసవిలో అయితే అదే రోజు రాత్రికే. మూడు రోజులాగి కోస్తే అప్పటికే పలక తనకిష్టమైన చోట చీలి ఉంటుంది. ఇంటి గోడకు, గేటు స్తంభాలకు తగిలేచోట అరంగుళం థర్మాకోల్ పెట్టి విడిగా ఉంచండి.

క్యూరింగ్. మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద కలిసిన సిమెంటు) అయితే 10, ఎండలు ఎక్కువుంటే 14. గోనెపట్టాలు తడిపి కప్పితే చాలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పట్టి వదిలేస్తే అది క్యూరింగ్ కాదు, నడుమ ఎండిపోతుంది.

చువ్వలు నా లెక్కలో అవసరం లేదు. ఆ డబ్బు గ్రావెల్‌కు పెట్టండి.

సైటు ఇంజినీరు, కర్నూలు:
చివరి మాట ఒక్కదానితో ఒప్పుకోను. గట్టి నేలలో అయితే మీరన్నది నిజం. రేగడిలో బీట రాకుండా చువ్వలు ఆపలేవు కానీ, వచ్చిన బీట వెడల్పు కాకుండా, ఒక ముక్క పైకి ఒక ముక్క కిందికి పోకుండా పట్టి ఉంచుతాయి. 8 ఎంఎం చువ్వలు ఎనిమిదంగుళాల దూరంలో పొడుగునా, అడ్డంగా రెండు దిశల్లోనూ చాలు. కానీ అవి పలకలో పైభాగంలో, పై నుంచి రెండంగుళాల లోపల ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు పనివాళ్లు తొక్కి నేలకు అంటించేస్తారు, అక్కడ ఉన్నా లేనట్టే. చువ్వలను ఎత్తి పట్టే కవర్ బ్లాకులు కింద దగ్గరదగ్గరగా పెట్టించండి.

ఎండాడ కొండ:
వాలు గురించి నేను చెప్తాను. మాది విశాఖలో ఎండాడ వైపు. ఇక్కడి కొండలు ఖొండలైటు రాయి. జేసీబీతో కోసినప్పుడు గోడలా గట్టిగా నిలబడుతుంది. వాన పడి నానితే అదే రాయి శిథిలమైన చోట ఎర్రబురదై జారుతుంది. ఇక్కడ స్థలం చదును చేయడమంటే పై సగం కోసి, ఆ మట్టే కింది సగంలో పోస్తారు. కోసిన సగం గట్టిది, పోసిన సగం వదులుది. దారి ఆ రెండింటి మీదుగా పోతే సరిగ్గా కలిసే గీత దగ్గర విరుగుతుంది. పోసిన మట్టిని తీసేసి, వాలును మెట్లుగా కోసి, మెట్టుమెట్టుకూ పొరలుగా దిమ్మిస కొట్టి నింపాలి. వాలు మీద అలాగే పోస్తే ఎంత తొక్కినా ఒక వానాకాలంలో జారుతుంది.

పలక కూడా కిందికి జారాలని చూస్తుంది. కింది చివర అడుగున్నర లోతు దూలం, నడుమ పది పన్నెండు అడుగులకొకటి చిన్న అడ్డదూలం పలకతో కలిపి పోయించాం. కాంక్రీటు కింది నుంచి పైకి పోయాలి, కొంచెం గట్టిగా కలిపినదే కావాలి. సముద్రగాలి ఉంటుంది కాబట్టి ఎం30 వాడి, చువ్వలకు కవర్, అంటే వాటిని కప్పే కాంక్రీటు మందం, బాగా ఇచ్చాం.

అన్నిటికంటే ముందు నీళ్లు. పైవాళ్ల స్థలం నుంచి వచ్చే నీళ్లు మీ పలక కిందికి దూరకుండా కొండవైపు అంచు వెంట కంకర, రంధ్రాల పైపు వేసిన కాలువ ఉండాలి. పైన ఒక అడ్డ కాలువ, కింద గేటు ముందు ఇనుప జాలీతో ఇంకొకటి. మట్టిని ఆపే రిటైనింగ్ వాల్‌కు నీళ్లు కారే రంధ్రాలు, వాటి వెనక కంకర లేకపోతే వాన నీటి బరువుకే గోడ పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకు, 2024 ఆగస్టు చివర్లో విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడటం చూసినవాళ్లకు ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానో తెలుస్తుంది. పది అడుగుల ఎత్తు కోత ఉంటే మేస్త్రి మాట మీద వెళ్లవద్దు, స్ట్రక్చరల్ ఇంజినీరును స్థలం దగ్గరికి తీసుకెళ్లమని మీ బావమరిదికి చెప్పండి.

వాలు 1:8, అంటే ఎనిమిదడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు, దాటకుండా చూసుకోమనండి. పైనా కిందా మలుపు దగ్గర ఎనిమిది పదడుగులు సగం వాలుతో కలపాలి, లేకపోతే కారు అడుగు గీసుకుంటుంది. చీపురు గీతలు కారు పోయే దిశకు అడ్డంగా, లోతుగా ఉండాలి.

పల్నాటి రేగడి:
అందరికీ చాలా కృతజ్ఞతలు. రేపు మట్టి పట్టుకుని కాలేజీ ల్యాబుకు వెళ్తున్నాను. బావమరిదికి ఎండాడ వారి మాటలు పంపాను. ఒక్క సందేహం మిగిలింది. గేటు దగ్గర ఏం చేయాలి? స్తంభాలు మామూలు పునాది మీదే ఉన్నాయి. గేటు అవతల, రోడ్డు దాకా ఆరడుగులు పంచాయతీ జాగా.

సైటు ఇంజినీరు, కర్నూలు:
ఆ ఆరడుగులూ కాంక్రీటు వద్దు, పేవర్ బ్లాకులు వేయండి. పైపుల కోసం ఎవరో ఒకరు తవ్వుతారు, మళ్లీ తీసి పరుచుకోవచ్చు. రేగడికి అవి కొంత ఎగుడుదిగుడు అయినా సరిచేయడం తేలిక. గేటు రైలును పలకలో పాతకండి. పలక, స్తంభం విడివిడిగా కదులుతాయి, రైలు రెండింటికీ అతుక్కుని ఉంటే వంగుతుంది. రెండు రెక్కల గేటు పెట్టి, కింద కనీసం రెండంగుళాలు ఖాళీ వదలండి. స్తంభాలు ఇప్పటికే ఒరిగి ఉంటే వాటిని ముందు చూడాలి. కొత్తవి కట్టాల్సి వస్తే రేగడి కోసమే ఉన్న అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున గుండ్రంగా వెడల్పయ్యే కాంక్రీటు స్తంభాల పునాది), మూడున్నర మీటర్ల లోతువి వేయించండి. ల్యాబు అంకె రాగానే ఇక్కడ పెట్టండి, గ్రావెల్ లోతు దాన్నిబట్టి తేల్చుకుందాం.