మెదడు, వెన్నుపాముపై ఇనుము పేరుకోవడానికి బోరు నీళ్లే కారణమా?

ప్రశ్న (నల్లగొండ):
మా పెద్దనాయన గారికి కొన్నేళ్లుగా రెండు చెవులూ వినిపించడం తగ్గుతోంది, ఇప్పుడు నడకలో తూలు కూడా వచ్చింది. ఎంఆర్ఐ చూసిన వైద్యులు మెదడు, వెన్నుపాము ఉపరితలంపై ఇనుము పేరుకుందని, ఇది సూపర్‌ఫిషియల్ సిడరోసిస్ అని చెప్పారు. మా బోరు నీళ్లకు బిందెలు ఎర్రబడతాయి; కారణం అదేనా? ఆకుకూరలు మాన్పించాలా?

జవాబు 1 (మహబూబ్‌నగర్):
నీళ్లకు, ఆకుకూరలకు దీనితో సంబంధం లేదండీ. మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవంలోకి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా రక్తం ఊరుతూ ఉంటే, ఎర్రకణాలలోని ఇనుము హిమోసిడరిన్ అనే నిల్వ పదార్థంగా మారి పైపొరల్లో నిలిచిపోతుంది. శ్రవణనాడి, చిన్నమెదడు దానికి ముందుగా లోనవుతాయి కనుకనే చెవుడు, తూలు కలిసి కనిపిస్తాయి. మన వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా వెన్నుపామును నొక్కగలదు, కానీ అది ఎముకలు పెరగడం వల్ల వచ్చే వేరే జబ్బు. ఆయనకు పాత దెబ్బ గానీ, వెన్ను ఆపరేషన్ గానీ ఉన్నాయా?

ప్రశ్న అడిగినవారు:
ఆయన గీత కార్మికులు. వయసులో ఉన్నప్పుడు తాటిచెట్టు మీది నుంచి పడ్డారు.

జవాబు 2 (సూర్యాపేట):
అయితే ఆ సంగతి న్యూరాలజిస్టుకు తప్పక చెప్పండి. అప్పుడు డ్యూరాకు, అంటే మెదడు, వెన్నుపాములను కప్పి ఉంచే బయటి పొరకు, పడిన చిరుగు ఇప్పటికీ రక్తం ఊరడానికి కారణం కావచ్చు. వెన్నెముక మొత్తానికి ఎంఆర్ఐ, అవసరమైతే సీటీ మైలోగ్రామ్ (వెన్ను ద్రవంలోకి స్కాన్‌లో కనిపించే మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్) తీసి వెతుకుతారు, దొరికితే శస్త్రచికిత్సతో మూస్తారు. డెఫెరిప్రోన్ మాత్ర మెదడులోకి చేరి ఇనుమును పట్టుకోగలదు గానీ, తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి రక్తపరీక్షలు క్రమం తప్పకూడదు, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. సొంతంగా మాత్రం ఆపకండి.