పాత ల్యాప్‌టాప్‌లతో సింగ్‌నగర్‌లో కంప్యూటర్ క్లాసు: సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మా వీధిలో చాలామంది ఫోన్లు, కాగితాలు నీళ్లపాలయ్యాయి. సర్టిఫికెట్లు మళ్లీ తీసుకోవడానికి వాళ్లు పడ్డ తిప్పలు చూశాక, నేనూ మరో ఇద్దరూ కలిసి రోజూ సాయంత్రం ఓ గంట ఫోను, కంప్యూటరు నేర్పుతున్నాం. సర్టిఫికెట్లలాంటివి ఫోన్లోనే తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్ సేవలు 2025 జనవరి నుంచి ఉన్నా, 'హాయ్' అని టైప్ చేయడం దగ్గరే ఆగిపోయేవాళ్లు ఎందరో.

కుట్టుపని చేసే ఒక పిన్నిగారు వస్తారు. యాప్ మీద వేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంటారు. యాప్ తెరుచుకోదు, ఇంకేదో మెనూ వస్తుంది. "ఏదో పాడుచేశానమ్మా" అని టెన్షన్‌తో ఫోను నా చేతిలో పెట్టేస్తారు. తాకి వెంటనే వేలు తీయాలని చెప్పాలన్న సంగతి మాకే వారం దాకా తట్టలేదు.

ఇక అసలు ప్రశ్న. దాతలిచ్చిన ల్యాప్‌టాప్‌లు 4 ఉన్నాయి, 4 జీబీ ర్యామ్. ప్రాసెసర్లు పాతవి, విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లుబుంటు వేయమంటారా, లినక్స్ మింటా? ఇంగ్లిష్ అక్షరాలు రానివాళ్లకి తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్‌లోనే (నేరుగా తెలుగు అక్షరాలే కొట్టే కీబోర్డు) మొదలుపెట్టాలా?

ఇంకోటి. ఫోన్‌లో యూపీఐతో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదని, మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని గోడ మీద రాసిపెట్టాం. ఒకరికొకరు ₹1 పంపించుకునేలా చేయిస్తున్నాం. అయినా పిన్ కొట్టేటప్పుడు చెయ్యి వణుకుతోంది. పెద్దవాళ్లకి నేర్పిన అనుభవం ఉన్నవాళ్లు, ఈ భయం ఎలా పోగొట్టారో దయచేసి చెప్పండి.