అప్‌డేట్: కిటికీ మూల పగులుకు కారణం తెలిసింది

హైదరాబాద్ అంతా రాతి నేల అంటారు కదా, మరి మా రెండంతస్తుల ఇంట్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు ఎందుకు వచ్చిందని గత నెల ఇక్కడ అడిగాను.

ఇంజనీరు రెండు మూలల్లో గుంతలు తీయించారు. తూర్పున నాలుగడుగులకే మొరం (గట్టి గులకమట్టి) తగిలింది. పడమట ఎనిమిది అడుగులు దాటినా నల్లటి మట్టి, ఇటుక ముక్కలు, ఒక పగిలిన గాజు. పాత కుంటను పూడ్చిన చోట ఇంటిలో సగం నిలబడి ఉంది! కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

ఇల్లు మొత్తం సమానంగా కుంగితే గోడలకు పెద్ద ప్రమాదం ఉండదట. ఒక మూల నిలిచి మరో మూల దిగితేనే చీలుతాయి. పూడ్చిన మట్టిపై బరువు పడితే రేణువుల మధ్య ఖాళీలు మూసుకుపోతాయి. బంకమట్టి అయితే అందులోని నీరు మెల్లగా బయటికి పోతూ ఏళ్ల తరబడి కుంగుతుంది. 1173లో మొదలుపెట్టిన పీసా గోపురం కడుతుండగానే ఒరిగింది అలాంటి మెత్తని నేల వల్లే.

మా ఇంటికి దీనికి తోడు డ్రైనేజీ పైపు లీకేజీ. ఆ నీటికి పునాది కింది సన్నని మట్టి కొట్టుకుపోతూ వచ్చింది. పైపు మార్చాం. పగులు ఇంకా పెరిగితే విరిగి తెలిసేలా, దానికి అడ్డంగా గాజు పలక అతికించి తేదీ రాశాం. మూడు వారాలైంది, పలక చెక్కుచెదరలేదు.

ముందే పగులును సిమెంటుతో పూడ్చవద్దని చెప్పినవారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పూడ్చి ఉంటే ఇదేదీ తెలిసేది కాదు. వానాకాలం గడిచాక పునాది బలపరచడంపై నిర్ణయం తీసుకుంటాం.