మాగ్డెబర్గ్‌ల చదువు అయిపోయింది, హన్మకొండకు రావాలె – ఏ పని ముందు, ఏది ఆఖరికి?

హన్మకొండ అక్క:
అందరికి నమస్తే. మా తమ్ముడు జర్మనీల, మాగ్డెబర్గ్‌ల మాస్టర్స్ చేసిండు. థీసిస్ ఇచ్చిండు, రెండున్నర నెలలల్ల వస్తడు. ఉండేది ప్రైవేటు ఓనర్ ఇంట్ల, అగ్రిమెంటుకు గడువు లేదు. చదువుకుంటనే పార్ట్‌టైం కూడ చేసిండు. కిరాయి, డిపాజిట్, ఇన్సూరెన్స్, బ్యాంకు – ఏది ముందు మూయాల్నో తెలుస్తలేదు. ఆఖరి వారమంత ఉరుకులాటైతే దోస్తులకు, సార్లకు పోయొస్తనని చెప్పే టైం కూడ ఉండదు. తెలిసినోళ్లు జర వరుసగ చెప్పుండ్రి.

కాజీపేట జంక్షన్:
అక్కా, ఇంటి నోటీసుకు ఇప్పటికే లేటైంది. గడువు లేని అగ్రిమెంటుకు మూడు నెలల ముందు చెప్పాలె. ఉత్తరం ఆ నెల మూడో పనిదినం లోపల ఓనర్‌కు అందితేనే ఆ నెల లెక్కలకొస్తది. మెయిలు, వాట్సాప్ చెల్లవు, కాయితం మీద సంతకం పెట్టియ్యాలె. ఇయ్యాల్నే ఇచ్చి, మిగిలిన రోజులకు ఇంకో కిరాయిదారుని చూపిస్తనని అడగమను. ఓనర్ ఒప్పుకోవాలని రూలు లేదు, కని అడిగితే పోయేదేం లేదు.

తర్వాత పనులన్ని ఆబ్‌మెల్డుంగ్ రసీదు మీద నడుస్తయ్. ఊరు విడిచిపోతున్ననని రిజిస్ట్రేషన్ ఆఫీసుల పేరు తీపిచ్చుకునుడన్నట్టు. ఇల్లు ఖాళీ చేసే తారీఖుకు 7 రోజుల ముందు నుంచి, ఖాళీ చేసినంక 14 రోజుల దాక చెయ్యొచ్చు. అంతకన్న ముందు పోతే తిప్పి పంపుతరు. అపాయింట్‌మెంట్ మాత్రం ఇప్పుడే పట్టుకోవాలె.

రసీదు ముందుగాల హెల్త్ ఇన్సూరెన్స్‌కు పంపాలె. చాన మంది ఇక్కడ్నే దెబ్బ తింటరు. చెప్పకుంట విమానం ఎక్కితే, స్టూడెంట్ రేటు ఆగిపోయి పాలసీ మాత్రం నడుస్తనే ఉంటది. ఆదాయం ఎంతో వాళ్లకు తెల్వదు కాబట్టి అన్నిటికన్న ఎక్కువ రేటు ఏస్తరు. ఇదే రసీదుతోని బంద్ చేపియ్యాల్సింది రేడియో-టీవీ ఫీజు – నెలకు 18.36 యూరోలు, ఇంటికి ఒకటే. రూమ్మేట్లుండి బిల్లు తమ్ముని పేరు మీదుంటే ముందు వాళ్ల పేరు మీదికి మార్పియ్యాలె. ఇంటర్నెట్‌కు నెల నోటీసు ఇచ్చి ఇదే రసీదు జతచెయ్యాలె. జిమ్ముకు మాత్రం దేశం విడిచిపోతున్ననంటే సరిపోదు, అగ్రిమెంటు చదవాలె.

మానేరు గట్టు:
బ్యాంకు ఖాతా అన్నిటికన్నా ఆఖరున మూయాలి, వచ్చేటప్పుడు అస్సలు మూయొద్దు. డిపాజిట్‌లో కొంత హీటింగ్, నీళ్ల లెక్క తేలేదాకా ఓనర్ ఆపుకోవచ్చు. ఆ లెక్క చూపడానికి వాళ్లకు సంవత్సరాంతం నుంచి 12 నెలల గడువుంటుంది. ఈలోపు జర్మన్ సిమ్ చచ్చిపోతే, లేదా ఫోన్ మారితే, బ్యాంకు యాప్‌కు కొత్త యాక్టివేషన్ ఉత్తరం పాత అడ్రసుకే పోతుంది. అందుకే అక్కడ ఉన్నప్పుడే ఇండియా నంబర్, హన్మకొండ అడ్రసు ఎక్కించాలి. విదేశీ అడ్రసుతో ఖాతా ఉంచుతారా అని కూడా ముందే అడగాలి.

పార్ట్‌టైం జీతంలో టాక్స్ కోసి ఉంటే నాలుగేళ్ల లోపు రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవచ్చు. దానికి వాడే ఎల్‌స్టర్ అనే టాక్స్ వెబ్‌సైట్ లాగిన్ కోడ్ కూడా పోస్టులోనే వస్తుంది. కనుక ఈ వారమే రిజిస్టర్ చేయమనండి. అక్కడ పోస్ట్‌మన్ ఫ్లాట్ నంబర్ చూడడు, డబ్బా మీది పేరు చూస్తాడు. ఇల్లు మారాక ఉత్తరాలు రావాలంటే ఒక దోస్తు డబ్బా మీద తమ్ముడి పేరు కూడా అతికించాలి.

పెన్షన్‌కు కట్టింది 60 నెలల లోపైతే, కట్టడం ఆగిన 24 నెలల తర్వాత వెనక్కి అడగొచ్చు. వచ్చేది తమ్ముడి వాటా మాత్రమే, కంపెనీ వాటా రాదు. మళ్లీ అక్కడ ఉద్యోగం చేసే ఆలోచనుంటే తీసుకోకపోవడమే మేలు, ఆ నెలలన్నీ లెక్కలోంచి పోతాయి.

పోచమ్మ మైదాన్:
ఇల్లు అప్పజెప్పుడు గురించి ఎవ్వరు చెప్తలేరు. మన వంటకు పట్టేది పొయ్యి వెనుక గోడకు నూనె జిడ్డు, కిచెన్ బండ మీద పసుపు మరక. పసుపుకు సోడా ముద్ద రాసి, కిటికీ పక్కన ఎండ తగిలితే రెండు మూడు రోజులల్ల పలచబడ్తది. నల్లాల మీది తెల్ల సున్నానికి నిమ్మ ఉప్పు చల్లటి నీళ్లల్ల కలిపి రాయాలె. వేడి నీళ్లు పోస్తే ఇంకో తెల్ల పొర గట్టిపడి ఊడదు. బ్లీచింగ్‌తోని మాత్రం కలపద్దు, విషగ్యాసొస్తది. మీటర్ రీడింగులు, గోడలు ఫొటోలు తీసి, అప్పగింత కాయితం మీద ఓనర్ సంతకం తీస్కున్నంకనే తాళాలు ఇయ్యాలె.

సార్లకు ఖరీదైన గిఫ్టులు వద్దు, ప్రభుత్వ ఉద్యోగులు కాబట్టి తీసుకోరు. చేత్తో రాసిన కార్డు చాలు. రెకమెండేషన్ లెటర్ ఇప్పుడే సంతకంతోని తీస్కోవాలె, కాలేజీ మెయిల్ కొన్నాళ్లకు బందైతది. ఇక ఊరు చూసుడు తాళాలు ఇయ్యక ముందు, సెమిస్టర్ టికెట్ (స్టూడెంట్ల బస్సు, ట్రైన్ పాస్) నడిచేటప్పుడే పెట్టుకోవాలె. మొదటి ఓట్టో చక్రవర్తి సమాధి ఉన్న డోమ్ చర్చి, 2005ల కట్టిన గులాబీ రంగు గ్రీన్ సిటడెల్ – ఇవి అందరు చూస్తరు. ఊరి బయట ఎల్బే నది మీదికెళ్లి కాలువను దాటించే వంతెన ఉంది, 918 మీటర్లు, 2003ల తెరిచిన్రు. ఎస్సారెస్పీ కాలువల పక్కన పెరిగిన పిల్లగాడు పడవ నది మీదికెళ్లి పోతుంటే తప్పక చూడాలె.

హన్మకొండ అక్క:
అందరికి మస్తు థాంక్స్. ఇంకొక్కటి. కొన్ని నెలలు ఇంటి దగ్గరుండి, మళ్ల ఉద్యోగం కోసం పోతనంటే?

మానేరు గట్టు:
అట్లయితే ఆబ్‌మెల్డుంగ్‌కు ముందే తేల్చుకోవాలి అక్కా. 6 నెలల్లో తిరిగి రాకపోతే రెసిడెన్స్ కార్డు దానంతటదే రద్దవుతుంది. ఇక రానన్నట్టు వెళ్తే ఆ 6 నెలలు కూడా దొరకవు. ఇల్లు వదిలి పేరు తీయించుకుంటే ఆఫీసోళ్లు అట్లనే అనుకునే వీలుంది. చదువు పూర్తయినోళ్లకు ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు పర్మిట్ ఇస్తారు, దానికి ఇప్పుడున్న కార్డు గడువు తీరకముందే అక్కడినుంచే అప్లై చేయాలి. పర్మిట్ అవసరం లేదు, ఇంటికే వచ్చేస్తానంటే, తర్వాత ఇక్కడినుంచి కొత్త వీసా వేయాలి. ఆఫర్ ఉంటే వర్క్ వీసా, లేకుంటే ఉద్యోగం వెతుక్కోవడానికి 2024 జూన్‌లో మొదలైన ఛాన్సెన్‌కార్టె వీసా. రెండింటికీ డిగ్రీ ఒరిజినల్, మార్కుల లిస్టు కావాలి కాబట్టి అవి చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతి సంచిలో తెచ్చుకోమనండి.