సమస్య: కవ్వ మాడు నింట కరువు వెన్న

ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం; పై మూడు పాదాలు మీరు పూరించాలి. విరుపులతో (మాటలను విడగొట్టి అర్థం మార్చి) తప్పుకోవద్దు; కవ్వం ఆడినా వెన్న ఎందుకు పడలేదో వంటింట్లో నిలబడే కారణం చెప్పాలి.

బెజవాడ పటమట నుంచి:

మండు టెండ లోన మధ్యాహ్న వేళలో
చిలుక వెన్న కరిగి చేత జారు
చల్ల నీరు పోయు చాతుర్య మెరుగక
కవ్వ మాడు నింట కరువు వెన్న

– యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం) సరి. కారణం బెజవాడ మే నెలకు అతికినట్టుంది. చిలికే పెరుగు 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే మేలు. వేడెక్కితే కొవ్వు మెత్తబడి పూస (వెన్న రేణువులు) కట్టదు, కవ్వానికే పూసుకుంటుంది. పూస కనబడగానే గరిటెడు మంచునీళ్లు పోసి, నెమ్మదిగా నాలుగు తిప్పులు తిప్పి ఆపేయాలి. అయితే ‘చల్ల’ అంటే మజ్జిగ కూడా కదండీ! మజ్జిగలో మజ్జిగ పోసినట్టుంది. ‘మంచు నీళ్లు పోయు మర్మమ్ము తెలియక’ అంటే గణం, యతి రెండూ దక్కుతాయి.

– ఒప్పుకున్నానండీ, మార్చుకుంటాను.

గుంటూరు బ్రాడీపేట నుంచి:

వెన్న లేని పాలు వెచ్చించి కొనితెచ్చి
తోడు వెట్టి పెరుగు తోడి చిలుక
నురుగె తేలు గాని నూకంత కనరాదు
కవ్వ మాడు నింట కరువు వెన్న

– ‘నూకంత’ బాగా పడింది. ‘వెన్న లేని’ మాత్రం అతిశయోక్తి. టోన్డు పాలలోనూ 3 శాతం కొవ్వుంటుంది, ఫుల్ క్రీమ్‌లో 6. ‘వెన్న తగ్గు పాలు’ అనండి.

బెజవాడ సత్యనారాయణపురం నుంచి:

గాలి పట్టు తీగ కవ్వాన తిప్పగా
బుడగ లెగసి వెన్న ముద్ద గాదు
కొయ్యదాని నేమొ గోడ కానించిన
కవ్వ మాడు నింట కరువు వెన్న

– రెండో పాదంలో బు, ములకు ముకార యతి (పు, ఫు, బు, భులకు ము జత కావడం), చెల్లుతుంది. తీర్పే తొందరపాటు. స్టీలు విస్కు (మీ తీగ కవ్వం) గాలిని ఇరికిస్తుంది నిజమే. గుడ్డు తెల్లసొనకూ, మజ్జిగపులుసులో శనగపిండి ఉండ కట్టకుండా ఉండడానికీ అదే కావాలి (నాన్‌స్టిక్ గిన్నెలో వద్దు, గీతలు పడతాయి). ఫ్రిజ్‌లో చల్లబడ్డ చిక్కటి మీగడను అదే విస్కుతో ఆపకుండా కొడితే ముందు నురగ, ఆపైన నీరు విడిపోయి వెన్న. పల్చటి పెరుగు దగ్గరే దాని ఆట సాగదు. అక్కడ అరచేతుల మధ్య ఇటూ అటూ తిరిగే కొయ్య కవ్వమే గెలుస్తుంది.

– మరి గోడకు ఆనించడమూ తప్పేనా?

– కాదు, ఆరబెట్టే పద్ధతే అది! సబ్బునీళ్లలో నానబెట్టకుండా గోరువెచ్చని నీళ్లతో కడిగి, పువ్వు (రెక్కలున్న కొస) పైకి ఉండేలా నీడన ఆనించాలి. రెక్కల సందుల్లో తడి మిగిలితే బూజు, పుల్లటి వాసన. మండుటెండలో పెడితే కొయ్య చీలుతుంది.